లాక్టోజ్ రావాలంటే పర్మియేజ్ ఉండాలి, పర్మియేజ్ రావాలంటే లాక్టోజ్ ఉండాలి. మరి ముందు వచ్చింది ఏది?

మైక్రో_సెకండియర్

అందరికీ నమస్కారం. బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ల్యాక్ ఆపెరాన్ (లాక్టోజ్ వాడుకునే జన్యువులు ఒకే స్విచ్ కింద ఉండే గుంపు) పాఠం అయిపోయింది కానీ నా సందేహం మాత్రం అలాగే ఉండిపోయింది.

పుస్తకంలో ఉన్నది ఇది. లాక్టోజ్ (పాలలోని చక్కెర) లేనప్పుడు ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో రెప్రెసర్ ప్రోటీన్ డీఎన్‌ఏ మీద ఆపరేటర్ అనే చోట అతుక్కుని జన్యువులను ఆపేస్తుంది. లాక్టోజ్ వస్తే రెప్రెసర్ ఊడిపోతుంది. అప్పుడు మూడు ప్రోటీన్లు తయారవుతాయి: లాక్టోజ్‌ను కోసే బీటా గెలాక్టోసిడేజ్, లాక్టోజ్‌ను లోపలికి తెచ్చే పర్మియేజ్, ఇంకా ట్రాన్స్‌ఎసిటైలేజ్.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ లాక్టోజ్ లోపలికి వచ్చేదే పర్మియేజ్ ద్వారా. ఆ పర్మియేజ్ తయారవ్వాలంటే లాక్టోజ్ ముందే లోపల ఉండాలి. అలాంటప్పుడు మొట్టమొదటి లాక్టోజ్ ఎలా వచ్చింది? దయచేసి ఎవరైనా వివరంగా చెప్పండి.

కాకతీయ_ల్యాబ్

చాలా మంచి ప్రశ్న అమ్మా. నేను ఇదే పాఠం చాలా ఏళ్ళుగా చెబుతున్నాను. ఈ ప్రశ్న దానంతట అది తట్టిన విద్యార్థికి జన్యు నియంత్రణ సగం అర్థమైనట్టే.

జవాబు ఏమిటంటే, ల్యాక్ జన్యువులు ఎప్పుడూ పూర్తిగా ఆగిపోవు. రెప్రెసర్ ఆపరేటర్‌ను గట్టిగానే పట్టుకుంటుంది, అయినా శాశ్వతంగా పట్టుకోదు. అప్పుడప్పుడు వదులుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. వదిలిన ఆ కాస్త సమయంలో జన్యువును చదివే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అక్కడికి చేరితే ఒక ఎంఆర్‌ఎన్‌ఏ (జన్యువు నకలు) తయారవుతుంది, దాని నుంచి కొన్ని ప్రోటీన్లు వస్తాయి. అందువల్ల లాక్టోజ్ చుక్క కూడా చూడని కణంలోనూ కొద్దిపాటి పర్మియేజ్, కొద్దిపాటి బీటా గెలాక్టోసిడేజ్ ఉంటాయి. దీన్నే బేసల్ లెవెల్ అంటాం, ల్యాబ్‌లో అయితే మామూలుగా 'లీక్' అంటాం. లాక్టోజ్ దొరికాక ఈ స్థాయి సుమారు వెయ్యి రెట్లు పెరుగుతుంది.

ఇంకో విషయం కూడా గుర్తుపెట్టుకో. రెప్రెసర్‌ను ఊడదీసేది లాక్టోజ్ కాదు, అల్లోలాక్టోజ్. లాక్టోజ్‌ను కోసే బీటా గెలాక్టోసిడేజే దానిలో కొంత భాగాన్ని అల్లోలాక్టోజ్‌గా మారుస్తుంది. అంటే లీక్ వల్ల వచ్చిన పర్మియేజ్ ఒక్కటే చాలదు, లీక్ వల్ల వచ్చిన బీటా గెలాక్టోసిడేజ్ కూడా కావాలి. ఆ ఎంజైము జన్యువు పాడైన కణానికి ఎంత లాక్టోజ్ పోసినా ఆపెరాన్ తెరుచుకోదు. అదే కణానికి ఐపీటీజీ (అల్లోలాక్టోజ్‌లా పనిచేసే కృత్రిమ పదార్థం) ఇస్తే తెరుచుకుంటుంది, ఎందుకంటే ఐపీటీజీ నేరుగా రెప్రెసర్‌కు అతుక్కుంటుంది. పైగా అది కొంతమేర పర్మియేజ్ సాయం లేకుండానే లోపలికి వస్తుంది.

మైక్రో_సెకండియర్

సార్, చాలా థాంక్స్. అయితే ఈ లీక్ ఒక లోపమా, లేక కావాలనే ఉన్నదా?

కాకతీయ_ల్యాబ్

అది లేకపోతే బ్యాక్టీరియాకు లాక్టోజ్ వచ్చిన సంగతి తెలిసే దారే లేదు. బయట ఏముందో కణానికి తెలిసేది తనలో అప్పటికే ఉన్న అణువుల ద్వారానే. పూర్తిగా మూసుకుపోయిన రెప్రెసర్ ఏదైనా పుట్టి ఉంటే, ఆ కణం పాల మధ్యలో పడినా ఆకలితోనే ఉండేది. కాబట్టి నా దృష్టిలో లీక్ కూడా ఈ వ్యవస్థలో ఒక భాగమే. పర్మియేజ్ ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యం.

పాత_ప్రయోగాలు

చరిత్ర వైపు నుంచి కొంచెం కలుపుతాను.

జాక్ మోనో పారిస్‌లో సొర్బాన్‌లో పీహెచ్‌డీ చేస్తూ బ్యాక్టీరియాకు రెండు చక్కెరలు కలిపి పెట్టాడు. ఎదుగుదల గ్రాఫ్ ఒకే వంపుగా రాలేదు. మొదట పెరిగింది, కాసేపు ఆగింది, మళ్ళీ పెరిగింది. గ్లూకోజ్ అయిపోయేదాకా రెండో చక్కెరను ముట్టుకోలేదన్నమాట. దీనికి కారణమేమిటని శాస్త్రవేత్త ఆంద్రె ల్వాఫ్‌ను అడిగితే, ఎంజైముల అనుసరణకు (అవసరాన్ని బట్టి ఎంజైములు తయారవడానికి) దీనితో సంబంధం ఉండొచ్చని ఆయన అన్నారట. 1940 చివరి మాట ఇది, అప్పటికి పారిస్ జర్మన్ల ఆక్రమణలో ఉంది.

రెప్రెసర్ అనే పదార్థం ఉందని తేల్చిన ప్రయోగం 1959లో అచ్చయింది. పార్డీ, జాకబ్, మోనో ముగ్గురి పేర్లలో మొదటి అక్షరాలు కలిపి దాన్ని పజామో ప్రయోగం అంటారు. ల్యాక్ జన్యువులూ రెప్రెసర్ జన్యువూ రెండూ పాడైన కణంలోకి, రెండూ బాగున్న డీఎన్‌ఏను సంపర్కం ద్వారా పంపించారు. డీఎన్‌ఏ లోపలికి వెళ్ళగానే, ఏ ఇండ్యూసర్ (జన్యువులను తెరిపించే అణువు) లేకుండానే ఎంజైము తయారవడం మొదలైంది. ఇంకొంతసేపటికి అది ఆగిపోయింది. ఎందుకు ఆగింది? కొత్తగా వచ్చిన జన్యువు నుంచి రెప్రెసర్ తయారై కణమంతా పేరుకోవడానికి ఆ మాత్రం సమయం పట్టింది కాబట్టి. అంటే కణంలో ఏదో పదార్థం తిరుగుతూ జన్యువును ఆపుతోంది. జీవశాస్త్రంలో ఇంత శుభ్రమైన తర్కం నాకు చాలా తక్కువ చోట్ల కనిపించింది.

1961లో జాకబ్, మోనో ఆపెరాన్ సిద్ధాంతాన్ని పూర్తిగా రాశారు. 1965లో ల్వాఫ్‌తో కలిపి ముగ్గురికీ నోబెల్ వచ్చింది. అప్పటికీ రెప్రెసర్‌ను చేతికి తీసుకున్నవాళ్ళు లేరు. 1966లో హార్వర్డ్‌లో వాల్టర్ గిల్బర్ట్, బెనో ముల్లర్-హిల్ దాన్ని వేరుచేశారు. ఒక్కో కణంలో రెప్రెసర్ అణువులు సుమారు పది మాత్రమే ఉంటాయి. అంత తక్కువ ఉన్నదాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో ప్రోటీన్ శుద్ధి చేసినవాళ్ళకు తెలుస్తుంది.

కోడింగ్_నుంచి_కణానికి

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని, ఇష్టంతో చదువుతున్నాను. నాకో సందేహం. కణానికి పది రెప్రెసర్లే ఉంటే, ఒక కణంలో ఎనిమిది, ఇంకో కణంలో పన్నెండు పడొచ్చు కదా? ఒకే గిన్నెలో పెరిగిన కణాలన్నీ ఒకేలా ప్రవర్తిస్తాయని ఎలా అనుకోవాలి?

లియాన్_పోస్ట్‌డాక్

ప్రవర్తించవు. మీరు అడిగిన చోటే అసలు సంగతి ఉంది.

1957లో ఆరన్ నోవిక్, మిల్టన్ వీనర్ ఒక విషయం చూపించారు. వాళ్ళు టీఎంజీ అనే ఇండ్యూసర్‌ను వాడారు, కణం దాన్ని తినలేదు. టీఎంజీ బాగా ఎక్కువ పోస్తే కణాలన్నీ తెరుచుకున్నాయి. అసలు పోయకపోతే అన్నీ మూసుకునే ఉన్నాయి. మధ్యస్థంగా పోసినప్పుడు కల్చర్ మొత్తం మీద ఎంజైము సగం స్థాయిలో కనిపించింది. కానీ కణాలన్నీ సగం సగం తెరుచుకోలేదు! కొన్ని పూర్తిగా తెరుచుకున్నాయి, మిగతావి పూర్తిగా మూసుకున్నాయి. కారణం మన చెల్లెలు అడిగిన ఆ చక్రమే: పర్మియేజ్ ఉంటే ఇండ్యూసర్ లోపలికి వస్తుంది, ఇండ్యూసర్ వస్తే ఇంకా పర్మియేజ్ తయారవుతుంది. చక్రం ఒకసారి తిరగడం మొదలైతే చివరిదాకా వెళ్తుంది.

అంతకంటే అందమైన సంగతి ఇంకొకటి ఉంది. తెరుచుకున్న కణాలను తీసుకెళ్ళి తక్కువ టీఎంజీలో పెంచితే తరాల తరబడి తెరుచుకునే ఉన్నాయి. మూసుకున్నవాటిని అదే ద్రావణంలో పెంచితే మూసుకునే ఉన్నాయి. డీఎన్‌ఏ ఒకటే, ద్రావణం ఒకటే, ప్రవర్తన మాత్రం రెండు రకాలు. తల్లి కణంలోని పర్మియేజ్ పిల్ల కణాలకు పంచుకుపోవడం వల్ల వచ్చిన జ్ఞాపకం అది.

2008లో హార్వర్డ్‌లో సన్నీ షీ బృందం ఒక్కొక్క పర్మియేజ్ అణువుకు మెరిసే ప్రోటీన్ తగిలించి మైక్రోస్కోప్‌లో చూసింది. రెప్రెసర్‌కు నాలుగు భాగాలు, ఒకేసారి డీఎన్‌ఏ మీద రెండు చోట్ల పట్టుకుంటుంది. ఒక్క చోట వదిలితే ఒకటీ అరా అణువులు తయారవుతాయి, వెంటనే మళ్ళీ పట్టేసుకుంటుంది. కాకతీయ సార్ చెప్పిన లీక్‌లో ఎక్కువ భాగం ఇదే. ఎప్పుడో అరుదుగా రెండు చోట్లా ఒకేసారి వదిలేస్తుంది. అప్పుడు ఒక పెద్ద విడత ప్రోటీన్లు బయటికొస్తాయి. పర్మియేజ్ కొన్ని వందలు దాటితే కణం తెరుచుకున్న స్థితికి వెళ్ళిపోతుంది. ఒక్క అణువు పట్టు వదలడం వల్ల మొత్తం కణం దారి మారిందన్నమాట. ఈ పేపర్ చదివిన రోజు నేను బెంచి దగ్గరి నుంచి కదల్లేకపోయాను.

కోడింగ్_నుంచి_కణానికి

అయితే బ్యాక్టీరియా "నిర్ణయం తీసుకుంది" అనడం తప్పా?

లియాన్_పోస్ట్‌డాక్

నాకైతే అభ్యంతరం లేదు, దాని వెనక ఏముందో తెలిసి అంటే. లోపల ఎవరూ కూర్చుని ఆలోచించడం లేదు. కానీ బయటి సమాచారం, పాత స్థితి, కొంత యాదృచ్ఛికత కలిసి రెండు దారుల్లో ఒకటి ఖరారవుతోంది. దాన్ని పిలవడానికి ఇంతకంటే మంచి మాట నా దగ్గర లేదు.

ఎంఎస్సీ_బయోకెమ్

గ్లూకోజ్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. మా నోట్స్‌లో "గ్లూకోజ్ ఉంటే సైక్లిక్ ఏఎంపీ తగ్గుతుంది, సీఏపీ ప్రోటీన్ ప్రమోటర్‌ను పట్టుకోలేదు, అందుకే ల్యాక్ పనిచేయదు" అని ఉంది. సైక్లిక్ ఏఎంపీ అంటే కణంలోని చిన్న సంకేత అణువు, సీఏపీ అంటే దానితో కలిసి ల్యాక్ జన్యువుల జోరు పెంచే ప్రోటీన్, ప్రమోటర్ అంటే జన్యువు చదవడం మొదలయ్యే చోటు. పరీక్షలో ఇదే రాస్తున్నాం.

లియాన్_పోస్ట్‌డాక్

పరీక్షలో అదే రాయండి, కానీ మనసులో ఇంకోటి ఉంచుకోండి. 1996లో జపాన్ శాస్త్రవేత్తలు ఇనాడా, కిమాటా, ఐబా దీన్ని నేరుగా కొలిచారు. గ్లూకోజ్, లాక్టోజ్ కలిపి పెట్టినప్పుడు గ్లూకోజ్ తింటున్న దశలో ఉన్న సైక్లిక్ ఏఎంపీకీ, లాక్టోజ్ తింటున్న దశలో ఉన్న సైక్లిక్ ఏఎంపీకీ పెద్ద తేడా లేదు. రెప్రెసర్ లేని కణాల్లో అయితే ఆ మధ్య విరామమే పోయింది.

అసలు పని చేస్తున్నది ఇండ్యూసర్ ఎక్స్‌క్లూజన్, అంటే ఇండ్యూసర్‌ను లోపలికే రానివ్వకపోవడం. గ్లూకోజ్ లోపలికి వచ్చేటప్పుడే దానికి ఫాస్ఫేట్ తగిలిస్తారు. ఆ ఫాస్ఫేట్‌ను చేతులు మార్చే ప్రోటీన్లలో ఒకటి ఈటూఏ. గ్లూకోజ్ జోరుగా వస్తున్నప్పుడు దాని ఫాస్ఫేట్ అంతా చక్కెరకు పోతుంది, అది ఖాళీగా మిగులుతుంది. ఖాళీ ఈటూఏ వెళ్ళి పర్మియేజ్‌కు అతుక్కుని దాన్ని పనిచేయనివ్వదు. లీక్ వల్ల వచ్చిన ఆ కాసిన్ని పర్మియేజ్‌లనూ గ్లూకోజ్ ఇలా నొక్కిపెడుతుంది. లాక్టోజ్ లోపలికే రానప్పుడు రెప్రెసర్ ఎందుకు వదులుతుంది? సైక్లిక్ ఏఎంపీ, సీఏపీ లేకపోతే ల్యాక్ గట్టిగా పనిచేయదన్నది నిజమే. కానీ ఈ రెండు చక్కెరల విరామానికి ప్రధాన కారణం మాత్రం తలుపు దగ్గరే ఉంది.

కాకతీయ_ల్యాబ్

ఇది నేనూ క్లాసులో చెబుతాను. పాఠ్యపుస్తకాల్లో మారితే బాగుండు. పాతికేళ్ళు దాటిపోయింది.

వంటింటి_సైన్స్

పాలల్లో లాక్టోజ్ ఉంటుంది కదా, మనం పెరుగు తోడు వేసినప్పుడు జరిగేది కూడా ఇదేనా?

ఎంఎస్సీ_బయోకెమ్

ఇదే కాదండీ, దీనికి దగ్గరిది. పెరుగులో పనిచేసే లాక్టోకాకస్ లాక్టిస్ లాక్టోజ్‌ను లోపలికి తెచ్చుకుంటూనే ఫాస్ఫేట్ తగిలిస్తుంది. దానికీ రెప్రెసర్ ఉంది కానీ దాన్ని వదిలించేది టాగటోజ్-6-ఫాస్ఫేట్ అనే వేరే అణువు. ఆ జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే చిన్న డీఎన్‌ఏ) మీద ఉంటాయి. పాలు కాకుండా వేరే ద్రావణంలో తరతరాలు పెంచితే కొన్ని కణాలు ఆ ప్లాస్మిడ్‌నే పోగొట్టుకుంటాయి.

ఛాతీ_వైద్యుడు

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మా వైపు నుంచి ఒక ఉదాహరణ.

క్షయ బ్యాక్టీరియా ఊపిరితిత్తిలో గడ్డల మధ్య చిక్కుకున్నప్పుడు ఆక్సిజన్ తగ్గిపోతుంది. అప్పుడు అది విభజన ఆపి నిద్రాణస్థితికి వెళ్ళడానికి దాదాపు 48 జన్యువులను ఒకేసారి తెరుస్తుంది. ఆక్సిజన్ తగ్గిందని దానికి ఎలా తెలుస్తుంది? డాస్‌ఎస్, డాస్‌టీ అనే రెండు ప్రోటీన్లలో హీమ్ ఉంటుంది, మన రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఉన్న హీమే. దాని మీద ఆక్సిజన్ ఉన్నంతసేపూ ఆ ప్రోటీన్ ఊరుకుంటుంది. ఆక్సిజన్ పోగానే తనకు తాను ఫాస్ఫేట్ తగిలించుకుని దాన్ని డాస్‌ఆర్ అనే ఇంకో ప్రోటీన్‌కు అందిస్తుంది. డాస్‌ఆర్ వెళ్ళి డీఎన్‌ఏను పట్టుకుంటుంది. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో జయా త్యాగి గారి బృందం దీని మీద ఎంతో పని చేసింది. వాళ్ళ పేపర్లలో దీన్ని డెవ్‌ఆర్ అని రాస్తారు.

నా దగ్గరికి వచ్చే పేషెంట్లు రెండు నెలలకే దగ్గు తగ్గిపోయిందని మందులు ఆపేస్తామంటారు. చురుగ్గా విభజన చెందే క్రిములను మందులు త్వరగానే చంపేస్తాయి. ఎదుగుదల ఆపి కూర్చున్నవాటి మీద అవే మందులు అంత బాగా పనిచేయవు. ఆరు నెలల కోర్సు పెట్టడానికి ఇదొక ముఖ్య కారణం. దయచేసి మీ ఇళ్ళల్లో, మీ ఊళ్ళల్లో ఎవరైనా క్షయ మందులు వాడుతుంటే మధ్యలో ఆపనివ్వకండి.

అనంత_వేరుశనగ

డాక్టర్ గారూ, హీమ్ అన్నారు కదా, మా చేలోనూ అదే ఉంది!

మేం వేరుశనగ విత్తే ముందు రైజోబియం కల్చర్ ప్యాకెట్ తెచ్చి, చల్లారిన బెల్లం పాకంలో కలిపి విత్తనానికి పట్టించి నీడన ఆరబెడతాం. నెల దాటాక మొక్క పీకి వేరు మీది బుడిపెను గోటితో చీలిస్తే లోపల ఎర్రగా ఉండాలి. తెల్లగా ఉంటే పని చేయడం లేదని అర్థం. ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్ అని అగ్రికల్చర్ డిప్లొమాలో చదువుకున్నాను. ఆ బ్యాక్టీరియా కూడా జన్యువులు ఇలాగే తెరుస్తుందా?

లియాన్_పోస్ట్‌డాక్

అన్నా, మీరు భలే చోట ముడి వేశారు. అల్ఫాల్ఫా వేళ్ళలో ఉండే సైనోరైజోబియంలో దీన్ని బాగా చదివారు. మొదట వేరు నుంచి ఫ్లేవనాయిడ్లు ఊరతాయి. బ్యాక్టీరియాలోని నాడ్‌డీ ప్రోటీన్ వాటిని గుర్తుపట్టి బుడిపె కట్టించే జన్యువులను తెరుస్తుంది. ఏ పంట ఫ్లేవనాయిడ్‌కు ఏ నాడ్‌డీ స్పందిస్తుందో తేడా ఉంటుంది. ఒక పంట కల్చర్ ఇంకో పంటకు పనికిరాకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

తర్వాత బుడిపె లోపల ఆక్సిజన్ చాలా తక్కువ. నత్రజనిని పట్టే నైట్రోజినేజ్ ఎంజైము ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది. కాబట్టి ఆక్సిజన్ తగ్గాకే దాన్ని తయారుచేయాలి. అందుకు బ్యాక్టీరియా వాడేది ఫిక్స్‌ఎల్ అనే ప్రోటీన్, అందులోనూ హీమే. ఆక్సిజన్ ఉంటే ఊరుకుంటుంది, పోగానే ఫిక్స్‌జేకు ఫాస్ఫేట్ ఇస్తుంది. డాక్టర్ గారు చెప్పిన క్షయ క్రిమి పద్ధతి, మీ చేలో బ్యాక్టీరియా పద్ధతి ఒక్కటే. ఒకటి నిద్రపోవడానికి వాడుకుంటే, ఇంకొకటి మొక్కకు నత్రజని ఇవ్వడానికి వాడుకుంటోంది. పొర దగ్గర పసిగట్టేది ఒకటి, డీఎన్‌ఏ దగ్గర పనిచేసేది ఇంకొకటి, మధ్యలో ఒక ఫాస్ఫేట్: ఇలాంటి జంటలు ఈ.కోలైలోనే దాదాపు ముప్పై ఉన్నాయి. ఉప్పదనానికి ఒకటి, ఫాస్ఫేట్ కొరతకు ఒకటి, మెగ్నీషియం తగ్గితే ఇంకొకటి.

అనంత_వేరుశనగ

యూరియా ఎక్కువ వేస్తే బుడిపెలు తగ్గిపోతాయి. అది కూడా బ్యాక్టీరియా గ్రహించడమేనా?

లియాన్_పోస్ట్‌డాక్

అక్కడ ఎక్కువగా మొక్కదే పెత్తనం. మట్టిలో నైట్రేట్ దండిగా ఉంటే మొక్కే బుడిపెలు కట్టనివ్వదు.

కోడింగ్_నుంచి_కణానికి

ఇంకో ప్రశ్న. జన్యువు తెరుచుకుని ప్రోటీన్ రావడానికి నిమిషాలు పడుతుంది. క్షణాల్లో స్పందించాల్సి వస్తే?

ఎంఎస్సీ_బయోకెమ్

అప్పుడు జన్యువుల దాకా పోదు. ఈ.కోలై తిండి వైపు ఈదడం చూడండి. దాదాపు ఒక సెకను తిన్నగా ఈదుతుంది, సెకనులో పదో వంతు గిరికీ కొడుతుంది, మళ్ళీ ఏదో ఒక దిక్కుకు ఈదుతుంది. హోవర్డ్ బెర్గ్ 1972లో ఒక్కో కణాన్ని వెంబడించే మైక్రోస్కోప్ తయారుచేసి దీన్ని కొలిచాడు. తిండి పెరుగుతున్నట్టు తెలిస్తే గిరికీలు తగ్గిస్తుంది, అంతే. రిసెప్టర్లకు మిథైల్ గుంపులు తగిలించడం, తీసేయడం ద్వారా కొన్ని సెకన్ల కిందటి స్థితిని గుర్తుంచుకుని ఇప్పటితో పోలుస్తుంది. ఇక్కడా ఫాస్ఫేటే వార్త మోస్తుంది. కానీ అది చేరేది ఫ్లాజెల్లం అనే ఈదే తోక మోటారుకు, డీఎన్‌ఏకు కాదు.

కలరా_నోట్స్

కోరమ్ సెన్సింగ్ గురించి ఎవరూ అనలేదు. బ్యాక్టీరియా ఒంటరిగా ఉన్నప్పుడు ఊరుకుని, గుంపు పెరిగాక ఒక్కసారిగా దాడి చేస్తుందని విన్నాను. సముద్రంలో స్క్విడ్ ఒంట్లో వెలిగే విబ్రియో ఫిషరీ కూడా అంతే కదా?

ఛాతీ_వైద్యుడు

విబ్రియో ఫిషరీ విషయంలో అంతే, గుంపు పెరిగాకే వెలుగుతుంది. కానీ కలరాకు ఆ కథ అతకదు, అక్కడ తిరగబడుతుంది. విబ్రియో కలరే తక్కువ సంఖ్యలో ఉన్నప్పుడే విష జన్యువులను తెరుస్తుంది, పేగు గోడకు అంటుకుంటుంది. సంఖ్య బాగా పెరిగి సంకేత అణువులు పేరుకున్నాక హ్యాప్‌ఆర్ అనే ప్రోటీన్ వచ్చి వాటిని ఆపేస్తుంది. అంటుకున్న చోటు వదిలించే ప్రోటియేజ్‌ను తయారుచేయిస్తుంది. విరేచనాలతో కోట్లలో బయటికి పోవడమే దానికి కావలసింది. ఈ పని ప్రిన్స్‌టన్‌లో బానీ బాస్లర్ బృందంతో సహా చాలామంది చేశారు. ఆ విషం ఉందని మొదట నిరూపించింది మాత్రం కలకత్తాలో శంభునాథ్ డే, 1959లో. ఆయనకు రావలసినంత గుర్తింపు రాలేదని నా బాధ.

మైక్రో_సెకండియర్

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు. సార్, ఆ లీక్‌ను నేను కళ్ళారా చూడొచ్చా? మా ల్యాబ్‌లో ఓఎన్‌పీజీ (బీటా గెలాక్టోసిడేజ్ కోస్తే పసుపు రంగు వచ్చే పదార్థం) ఉంది, రంగు కొలిచే కలరీమీటర్ ఉంది. ఈ.కోలై డీహెచ్5 ఆల్ఫా ఉంది.

కాకతీయ_ల్యాబ్

చూడొచ్చు, కానీ డీహెచ్5 ఆల్ఫాతో కాదమ్మా. క్లోనింగ్ కోసం దాని క్రోమోజోమ్‌లోంచి ల్యాక్ జన్యువులను తీసేశారు. దాంతో చేస్తే ఎంతసేపున్నా పసుపు రాదు. ల్యాక్ జన్యువులు బాగున్న మామూలు కే-12 స్ట్రెయిన్ కావాలి. చండీగఢ్ ఇమ్‌టెక్ కల్చర్ కలెక్షన్ నుంచి మీ డిపార్ట్‌మెంట్ తెప్పించుకోవచ్చు, మేడమ్‌ను అడుగు. డీహెచ్5 ఆల్ఫాను పారేయకు, అదే నీకు కంట్రోల్ అవుతుంది.

గ్లిజరాల్ పోసిన మీడియంలో పెంచు, గ్లూకోజ్ వద్దు. ఒక ఫ్లాస్క్‌లో ఐపీటీజీ వెయ్యి, ఒకదానిలో వేయకు. కణాలను బఫర్‌లోకి తీసుకుని కొద్దిగా క్లోరోఫాం, ఎస్‌డీఎస్ చుక్క వేసి కలిపితే పొరకు చిల్లులు పడతాయి. ఇక పర్మియేజ్ గొడవ ఉండదు, ఓఎన్‌పీజీ నేరుగా ఎంజైమును చేరుతుంది. ఐపీటీజీ వేసిన ట్యూబ్ నిమిషాల్లో పసుపుకు తిరుగుతుంది. దాన్ని సోడియం కార్బొనేట్‌తో వెంటనే ఆపెయ్యి. ఐపీటీజీ లేని ట్యూబ్‌ను చూసి ఏమీ రాలేదని పారబోయకు, గంటల తరబడి ఉంచు. కే-12 ట్యూబ్ నెమ్మదిగా లేత పసుపుకు తిరుగుతుంది. డీహెచ్5 ఆల్ఫా ట్యూబ్ అలాగే ఉంటుంది. ఆ రెండింటి మధ్య తేడాయే నువ్వు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు.

ప్రతి ట్యూబ్‌కూ ఓఎన్‌పీజీ పోసిన టైమ్, కార్బొనేట్ పోసిన టైమ్ రెండూ రాసుకో. లెక్క చేసేటప్పుడు రీడింగ్‌ను ఆ నిమిషాలతోనే భాగించాలి. అయ్యాక రీడింగ్‌లు ఇక్కడే పెట్టు, కలిసి చూద్దాం.